మేష్టారి భవిష్యత్తు పుస్తకం

మూడు రోజులుగా కదలని మబ్బు ఆ ఉదయం మరికాస్త కిందికి దిగి, కాలవ గట్టున తాటితలల మీద బరువుగా కూర్చుంది. కురవదు, పోదు.

మరియదాసు మేష్టారు దాన్ని చూడలేదు. ఆయన చూపు ఎప్పుడూ క్రీస్తుశకం రెండువేల మీదే ఉండేది. హైస్కూల్లో సైన్సు చెబుతూనే, కొత్త యంత్రాలొస్తే పల్లె బతుకు ఎటు పోతుందో బెజవాడ పత్రికలకు రాసేవారు. అది డెబ్భై ఆరు, శ్రావణం. నాట్ల యంత్రం వస్తే నాట్లేసే ఆడవాళ్లు ఏమవుతారో పరిశోధించి రాయమని గవర్నర్‌పేటలోని భవిష్య అధ్యయన సంఘం వారు అడిగారు. ముందురోజు మేష్టారు కూలీల పేటకు వెళ్లి ఇంటింటా వివరాలు ఒక పుస్తకంలో రాసుకొచ్చారు. ఆ రోజు సెలవు పెట్టారు. ఏడింటికి కూలీలను తన పొలంలో దింపి, తొమ్మిదింటి బస్సుకు వెళ్లి ఆ పుస్తకం అప్పగించి రావాలని పథకం.

ఎనిమిదైనా పొలంలో మనిషి లేడు. నిన్న పీకించిన నారు కట్టలు నీళ్లలో పడున్నాయి. ఎకరన్నరకు ఉన్న నారంతా అదే.

"ఇయ్యాళ నాటు పడకపోతే కుళ్లిపోద్దండీ. ఊళ్లో ఇంకెవరి దగ్గరా నారు లేదు. యాడాది తిండి పోయినట్టే," అంది భార్య అమలమ్మ. "కూలీల ముఠా పెద్ద మాణిక్యం మాట తప్పే మనిషి కాదు. నిన్న మీరు పేటకెళ్లి ఏం చేశారు?"

"ఏం చేస్తాను? నాలుగు ప్రశ్నలడిగి రాసుకున్నాను."

"ఏవని?"

"పేరు, మొగుడి పేరు, వయసు, పిల్లలెంతమందని."

అమలమ్మ తల పట్టుకుంది. ఆ ఏడు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు మనుషుల్ని తీసుకురమ్మని సర్కారువారు పంతుళ్లను తరుముతున్నారు. పంతులు గుమ్మంలో నిలబడి ఈ నాలుగూ రాసుకుపోయాడంటే దానికి ఒకటే అర్థం. మేష్టారికి తెలియక కాదు, తట్టలేదు.

"నేను చెప్పొస్తానుండు," అని బయల్దేరారు. పుస్తకం చంకలో పెట్టుకునే వెళ్లారు.

అది కనపడగానే పేటలో మగవాళ్లు దడులు దూకి చెరుకు తోటల్లో పడ్డారు. అరుగు మీద ముసలి రత్తయ్య ఒక్కడే కదల్లేదు.

"నాకు డెబ్భై దాటినియ్యి మేష్టారా. నన్ను తీసుకుపోయినా మీకు లెక్కలోకి రాదు."

"ఇది ఆపరేషన్లకు కాదయ్యా! అసలు ఇప్పటి సంగతే కాదు. పాతికేళ్ల తర్వాతది!"

మూసిన తలుపుల వెనక గుసగుసలు ఆగిపోయాయి. "వామ్మో! అయితే పిల్లల్ని కూడా రాసుకున్నాడే!" అని శౌరమ్మ గొంతు వినపడింది. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆడవాళ్లు బడికి పరుగెత్తి, పిల్లల్ని చంకనేసుకుని, కాలవ దాటేశారు. "ఆగండమ్మా!" అంటూ మేష్టారు పుస్తకం ఊపుకుంటూ వెంటపడ్డారు. అది చూసి పక్క పేట కూడా ఖాళీ అయింది.

దారిలో బసవపున్నయ్య మోటారు సైకిలు అడ్డంగా ఆగింది. ముప్పై ఎకరాల ఆసామి. ఆయన చేలోంచి కూడా కూలీలు లేచిపోయారు.

"ఏవండీ మేష్టారూ, పొలాల్లో మనిషి కనపడని రోజొస్తుందని మొన్న సభలో చెప్పారు. రెండువేలకన్నారు గదా, ఇయ్యాళే తెచ్చారేంటి?"

మేష్టారు మోటారు సైకిలు పక్కనుంచి తప్పుకుని నడిచారు. బస్సు ఎప్పుడో పోయింది. పొలానికి వచ్చేసరికి అమలమ్మ చీర ఎగదోపుకుని బురదలో ఒంటరిగా వంగి ఉంది. ఆయనా పంచె ఎగగట్టి దిగారు. ఆయన గుచ్చిన ప్రతి మొక్కా అడుగు తీయగానే పైకి తేలి, ఆయన వెంటే వచ్చింది.

మధ్యాహ్నం పిల్లల్ని కాలవ అవతల బంధువుల ఇళ్లలో దించి మాణిక్యం వచ్చింది. వెనక పన్నెండు మంది. గట్టు మీదే ఆగారు.

"మేష్టారండీ, ఎందుకు రాశారో మాకొద్దు. మా పేర్లు మాకిచ్చెయ్యండి."

"మీ మంచికేనమ్మా మాణిక్యం. రేపు మిషనొస్తే మీకు పనుండదు. అప్పుడు ప్రభుత్వం..."

"మిషనొచ్చినప్పుడు దాంతో మేం మాట్లాడుకుంటాం లెండి. నారు చూడబోతే ఇయ్యాళే కుళ్లేట్టుంది."

ఆయన భార్యకేసి చూశారు. అమలమ్మ తలెత్తకుండా ఇంకో మొక్క గుచ్చింది.

మేష్టారు గట్టెక్కి బురద చేతులతోనే ఒక్కో కాగితం చించారు. చదువు రాదు గనక మాణిక్యం ప్రతిదీ ఆయన చేతే చదివించి మరీ తీసుకుంది. ఎవరి కాగితం వాళ్లు మడిచి రొంటిన దోపుకున్నారు. పదమూడు భవిష్యత్తులు అలా వెళ్లిపోయాక పుస్తకానికి అట్టలు మిగిలాయి.

అప్పుడు వాళ్లు చేలో దిగారు. ముందుగా మేష్టారు నాటిందంతా పీకేశారు. మూడింటికల్లా ముప్పావు చేను పచ్చబడింది.

కూలీలకని పొద్దున్నే వండిన అన్నం, గోంగూర పచ్చడి అమలమ్మ గట్టు మీదికి తెచ్చింది. పదమూడు మందీ ఒక వరసన కూర్చున్నారు. మేష్టారు వరస చివర కూర్చోబోతే వరస నాలుగడుగులు అటు జరిగింది. తలలు వంచుకుని తింటున్నారు. అమలమ్మ అందరికీ వడ్డించి, తన కంచం తీసుకుని, వాళ్ల వైపు వెళ్లి కూర్చుంది.