తోక ముక్క ఎవరికి ఇష్టం?

“ఆ బడి మాన్పించెయ్యరా ప్రకాశం” అని మా అత్తగారు. “మాన్పిస్తే రోజంతా ఇంట్లోనే కూర్చుని కొలుస్తుందమ్మా” అని మావారు. పొద్దున కాఫీల దగ్గర మొదలైన తగువు, ఆదివారం భోజనాల వేళకి కూడా తెగలేదు.

నేరమంతా మా నాలుగేళ్ల దయామణిది. బందరులో మా వీధి చివర కొత్తగా పెట్టిన నర్సరీలో దానికి ‘ఏది పెద్ద, ఏది చిన్న’ నేర్పుతున్నారు. ఇదేం పీడ అని అందరూ తలలు పట్టుకుంటున్నారు. నేను మాత్రం ఇంతకు మించిన వరం లేదంటాను!

మీరే చెప్పండి. గుడివాడ బస్సులో కండక్టరు పొట్టనీ డ్రైవరు పొట్టనీ పరీక్షగా చూసి, అందరికీ వినపడేలా తీర్పు చెప్పే ధైర్యం మనలో ఎవరికుంది? దాని పుణ్యమా అని మాకు ఆ రోజు సీటు కూడా దొరికింది. కండక్టరే ఎవరినో లేపి ఇప్పించాడు, దూరంగా, వెనక సీట్లో.

నిన్న మా ఆడపడుచు చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు వేసుకొచ్చింది. “అత్తది పెద్దది, నానమ్మది చిన్నది” అంది దయామణి. నానమ్మది అచ్చమైన బంగారం. ఆ రాత్రి ఆవిడ మజ్జిగతో సరిపెట్టుకున్నారు. పెద్దదల్లా గొప్పది కాదని ఇంత చవగ్గా ఏ ప్రొఫెసరు బోధిస్తాడండీ?

ఇలా నేను మనసులో నర్సరీ విద్యను పొగుడుకుంటూనే పండుగప్ప చేప పులుసు వడ్డించాను. నడిమి ముక్కలు అందరికీ, తోక ముక్క వండినవాళ్లకి. అది మా ఇంటి ఆనవాయితీ. వండేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా!

దయామణి అందరి కంచాల్లోకీ తొంగిచూసింది. “నాన్నది పెద్దది. నానమ్మది పెద్దది. నాది పెద్దది. అమ్మది చిన్నది. ఎందుకు?”

“మీ అమ్మకి తోకంటే ఇష్టం తల్లీ” అన్నారు మావారు.

“అమ్మ చెప్పిందా?”

ఆయన ముల్లు తీసుకునే పనిలో పడ్డారు. పొద్దుటినుంచీ బడి మాన్పించమంటున్న అత్తగారే, తల ఎత్తకుండా అన్నారు: “నాకూ ఇష్టమనేవారురా మీ నాన్న, పోయేదాకా.”

నేను పులుసు గిన్నె మీద మూత పెట్టాను.

“మణి బడి మానదు. వచ్చే ఆదివారం నుంచి తోక ముక్క వంతులవారీగా తిరుగుతుంది. అత్తయ్యగారి వంతు ఎప్పుడో అయిపోయింది కాబట్టి, ముందు నాన్నతో మొదలు” అన్నాను.