గోడాదరాలో స్కిల్స్‌కు సన్మానం

"గోడాదరాలో ఇకమీదట స్కిల్ లేని గడప ఒక్కటి కూడా ఉండదు!" అని భానుప్రకాశ్‌గారు మైకులో ప్రకటించినప్పుడు, ఆ ప్రకటనకు మూలం తానేనని నర్సింగానికి తట్టలేదు. ముందు చప్పట్లు కొట్టాడు. తర్వాత ఆలోచించాడు. ప్రజాజీవితంలోకి వచ్చినప్పటి నుంచీ నర్సింగం పద్ధతి అదే.

భానుప్రకాశ్‌గారిని సూరత్‌లో తెలుగువాళ్లుండే ఈ గోడాదరా పేటలో అందరూ భానుభాయ్ అంటారు. పార్టీలో అన్యభాషల విభాగానికి కన్వీనర్. ఎన్ని భాషలకు కన్వీనరో ఎవరూ అడగలేదు గాని, తెలుగు వరకు ఖాయం. వార్డుకు ఉపఎన్నిక రాబోతోంది. కార్పొరేటర్‌కు ఉండవలసిన తెల్ల చొక్కా, నల్లద్దాల కారు, ఎవరు ఫోన్ చేసినా మీటింగ్‌లో ఉన్నానని చెప్పే అలవాటు ఆయనకు ఎప్పుడో సమకూరాయి. టికెట్ ఒక్కటే రావాలి. ఆయనకు కుడిభుజం నర్సింగం. ఒకప్పుడు ఊళ్లోనే ఉధ్నా పేటలో మరమగ్గాలు నడిపిన మనిషి, ఇప్పుడు పూలదండలు, కుర్చీలు, మైకు చూసుకుంటున్నాడు.

నర్సింగానికి ఒక్కతే కూతురు, కోమలి. కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివింది. ఉద్యోగం దొరకలేదు గాని చేతినిండా పని ఉంది. మైనా అని ఒక మాట్లాడే పెట్టె ఉంది. మనం నోటితో అడిగితే అది నోటితో జవాబు చెబుతుంది. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. దేశదేశాల వాళ్లు కలిసి ఊరికే తయారుచేసి ఊరికే పంచుకుంటారు. పెట్టెకు తనంతట తనకు ఏమీ రాదు. వాన గురించి అడిగితే వాతావరణం అనే స్కిల్ లేచి జవాబు చెబుతుంది. పొద్దున్నే లేపమంటే అలారం స్కిల్ లేపుతుంది. అడిగింది ఎవరికీ అంతుబట్టకపోతే ఫాల్‌బ్యాక్ అనే స్కిల్ లేచి "మీరన్నది నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంటుంది. స్కిల్ అంటే ఒక చిన్న ప్రోగ్రాం. ఈ స్కిల్స్‌ను రాయడం, చెడిపోతే బాగుచేయడం, ఇక బాగుపడదనుకుంటే తీసేయడం, తెలుగు వరకు, కోమలి పని.

జీతం లేని పని ఏం పని అని నర్సింగానికి లోపల బెంగ. ఒకరోజు కారులో ఆ బెంగ భానుభాయ్ ముందు పెట్టాడు.

"మా బిడ్డ ఇంట్ల కూసొని స్కిల్స్ డెవలప్ చేస్తది భానుభాయ్. మెయింటేన్ గూడ ఆమెనే చేస్తది. పైస రాదు."

"ఎన్ని స్కిల్స్?"

"ఇర్వై దాక ఉన్నయంట."

"అన్నీ గోడాదరాలనేనా?"

"మా ఇంట్లనే."

భానుభాయ్ కారు ఆపించాడు. "ఇర్వై మందికి స్కిల్ డెవలప్‌మెంట్ చేసి, ఇంట్ల పెట్టుకొని సాదుకుంట, నాకు ఒక్క మాట చెప్పవా నర్సింగం? పార్టీ ఏమనుకుంటది?"

మర్నాడే మైకులో ఆ ప్రకటన వెలువడింది. ఆ మర్నాటికి పేపర్లో వచ్చింది. ఆపై వారం, ఇరవై మందికీ స్వయంగా సర్టిఫికెట్లు ఇవ్వడానికి పార్టీ పరిశీలకుడు గాంధీనగర్ నుంచి వస్తున్నాడని కబురు వచ్చింది. టికెట్ ఎవరికివ్వాలో చెప్పే మనిషి ఆయనే.

కోమలి పరుగున భానుభాయ్ కూర్చునే తెలుగు మండలి హాలుకు వచ్చింది. "అంకుల్, స్కిల్స్ అంటే మనుషులు కాదు. సర్టిఫికెట్ ఎవరికి ఇస్తారు?"

భానుభాయ్ ఓపికగా విన్నాడు. ఆయన ఓపిక గురించి నర్సింగం నలుగురికీ చెబుతుంటాడు.

"బేటా, పేపర్ల వచ్చింది."

"పేపర్‌లో తప్పు వచ్చింది."

"తప్పయితే పేపర్ల ఎందుకొస్తది?" అన్నాడు ఆయన సౌమ్యంగా. "ఆ, మీ బాపు ఓపెన్ సోర్స్ అన్నడు. అంటే ఏంది?"

"ఎవరైనా తీసుకోవచ్చు, ఎట్లయినా మార్చుకోవచ్చు, అడిగేవాళ్లు ఉండరు."

"అంటే మన పార్టీ లెక్కనే. నువ్వేం ఫికర్ చేయకు. ఈ పని అయినంక నీ నౌకరీ నా జిమ్మేదారి."

ఆ చివరి మాట విని నర్సింగం కూతురి భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయాడు.

ఇరవై మందిని కూర్చడం నర్సింగం వంతు. రాత్రి షిఫ్టు చేసి పగలంతా నిద్రపోయే రాజనర్సును అలారం చేశాడు. ఇంట్లో చీరలకు రాళ్లు అతికించే భాగ్యలక్ష్మి లెక్కలు అయింది. చాయ్ బండి దగ్గర ఏ పనీ లేకుండా కనిపించిన ఆగయ్య వాతావరణం అయ్యాడు. ఫాల్‌బ్యాక్ పదవి మాత్రం ఎవరికి పడితే వారికి ఇవ్వడానికి వీల్లేదని, అన్నిటికంటే వెనక ఉండి అందరినీ కాచేది అదేనని తెలుసుకున్న భానుభాయ్, దాన్ని తన బామ్మర్ది రాజ్‌కిరణ్‌కు కేటాయించాడు.

సన్మానం ఘనంగా జరిగింది. ఇరవై మంది ఛాతీ మీద బిళ్లలతో వరసగా నిలబడ్డారు. పరిశీలకుడు హిందీలో ఒక్కొక్కరినీ పలకరించాడు.

"మీరేం చేస్తారు?"

"వాతావరణం సాబ్," అన్నాడు ఆగయ్య.

"ఈ లైన్లో ఎన్నాళ్లుగా ఉన్నారు?"

"మొన్న ఆయితారం సంది."

"ఇంత తొందరగా నేర్చుకున్నారా!" అని పరిశీలకుడు ఆశ్చర్యపోయి, రాజ్‌కిరణ్ ముందు ఆగాడు. "శిక్షణ ఎలా ఉంది?"

"మీరన్నది నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి," అన్నాడు రాజ్‌కిరణ్. వారం రోజులు కంఠతా పట్టిన వాక్యం అది.

పరిశీలకుడు గొంతు పెంచి మళ్లీ అడిగాడు. రాజ్‌కిరణ్ మళ్లీ అదే అన్నాడు. మూడోసారీ అంతే. ఈ కుర్రాడు పార్టీలో చాలా పైకి వస్తాడని పరిశీలకుడు భానుభాయ్ చెవిలో చెప్పాడు.

చివరికి కోమలి హాలుకు ఇచ్చిన, బల్ల మీది మైనా పెట్టెనే అడిగి చూద్దామన్నారు. భానుభాయ్ వంగి, "మైనా, ఎన్ని స్కిల్స్ పనిచేస్తున్నయి?" అన్నాడు.

"ప్రస్తుతం ఇరవై స్కిల్స్ పనిచేస్తున్నాయి," అంది మైనా.

హాలు దద్దరిల్లింది. ఆ రోజు వేదిక మీద వినిపించిన ఒకే ఒక్క నిజానికి అంతసేపు చప్పట్లు పడటం చూసి కోమలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నర్సింగం మాత్రం చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాడు.

అంతా అక్కడితో ఆగితే భానుభాయ్ ఈపాటికి కార్పొరేటర్. కాని వానాకాలం వచ్చింది.

వానల సంగతి మైనాకు చెప్పే విదేశీ వెబ్‌సైట్ ఒకటి ఉండేది. అది మూతపడింది. దాంతో వాతావరణం స్కిల్ తనకు అందిన చివరి కబురు దగ్గరే నిలిచిపోయి, ఎప్పుడడిగినా "ఎండగా ఉంది, ముప్పై రెండు డిగ్రీలు" అనసాగింది. భాగ్యలక్ష్మి ఆ మాట నమ్మి, రాళ్లు అతికించిన చీరలను మిద్దె మీద ఆరేసి బజారుకు పోయింది. తిరిగొచ్చేసరికి రాళ్లన్నీ కొట్టుకుపోయి తూము దగ్గర మెరుస్తున్నాయి. ఆమె కోమలిని పల్లెత్తు మాట అనలేదు. "మిషిన్ గదా బిడ్డా, దానికేం ఎరుక" అంది. ఆ మాట కోమలికి గుచ్చుకుంది. బాగుచేసే దారి వెతికింది, దొరకలేదు. స్కిల్‌ను తీసేసి, ఇలాంటివి నలుగురికీ తెలియజేయాలన్న నియమం ప్రకారం ఒక వాక్యం బహిరంగంగా రాసింది: "వాతావరణాన్ని తొలగించడమైనది. చూసుకునేవారు లేరు."

ఓపెన్ సోర్స్ కాబట్టి ఆ వాక్యాన్ని ఎవరైనా చదవొచ్చు. ప్రతిపక్షం చదివింది.

మర్నాడు పొద్దున మండలి హాలు ముందు టెంటు లేచింది. "వృద్ధ కార్మికుడి అన్యాయపు తొలగింపు! చూసుకునేవారు లేరట!" అని బ్యానర్. చాయ్ తాగుతున్న ఆగయ్యను తీసుకొచ్చి, మెడలో దండ వేసి, ముందు వరసలో కూర్చోబెట్టారు.

"ఏందిది?" అన్నాడు ఆగయ్య.

"నిన్ను తీసేసిండ్రు."

"దేంట్ల కెళ్లి?"

"నౌకరీల కెళ్లి."

తనకు ఉద్యోగం ఉన్నదన్న సంగతీ పోయిందన్న సంగతీ ఒకేసారి తెలియడంతో ఆగయ్య భోరున ఏడ్చాడు. ఆ ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. "ఇయ్యాల వాతావరణం, రేపు అలారం!" అన్న నినాదం వినగానే రాజనర్సు నిద్ర లేచొచ్చి టెంటులో కూర్చున్నాడు.

భానుభాయ్ కోమలిని పిలిపించాడు. నర్సింగం తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మళ్లా పెట్టు బేటా."

"అది తప్పు చెప్తది అంకుల్. భాగ్యలక్ష్మి అత్త చీరలన్నీ ఖరాబ్ అయినయి."

"తప్పు చెప్పెటోళ్లను తీసేస్తే ఆఫీసులల్ల ఎవరుంటరు? పెట్టు."

"పెట్టను."

నర్సింగం కూతుర్ని వరండాలోకి పిలిచాడు. "నీ నౌకరీ ఆయన చేతుల ఉన్నది బిడ్డా. ఒక్కసారి పెట్టరాదు. ఏం పోతది?"

"బాపూ, అది నాతోనే నడుస్తది. వాన పడుతుంటే ఎండ ఉందని చెప్పిందంటే, నేను చెప్పినట్టే."

నర్సింగానికి చప్పట్లు కొట్టాలనిపించింది గాని, లోపల భానుభాయ్ ఉన్నాడు. చేతులు కట్టుకున్నాడు.

ఓపెన్ సోర్స్‌లో ఒకరు కాదంటే పని ఆగదు. పాత వాతావరణాన్ని రాజ్‌కిరణ్ ఎక్కడి నుంచో దింపి హాలులోని పెట్టెలో మళ్లీ ఎక్కించాడు. "తొలగించిన కార్మికుడిని సకల గౌరవాలతో తిరిగి తీసుకున్నాం" అని భానుభాయ్ ప్రకటించాడు. నర్సింగం కుర్చీలు వేశాడు. మైనా "ఎండగా ఉంది, ముప్పై రెండు డిగ్రీలు" అంది. బయట మోకాళ్ల లోతు నీళ్లలో ఆటోలు తోసుకుంటున్న జనం కాసేపు ఆగి విని, మళ్లీ తోసుకున్నారు.

టికెట్ల జాబితా వచ్చింది. పదవి పోయినా పార్టీని ఒక్క మాట అనని నిబద్ధ కార్యకర్త అని మెచ్చుకుంటూ, పార్టీ ఆగయ్యకు టికెట్ ఇచ్చింది. అదే పూట ప్రతిపక్షం కూడా ఆయనకే ఇచ్చింది. ఎవరి కారు ముందొస్తే వాళ్ల కారులో ఎక్కాడు. అది పాత పార్టీదే కావడం సిద్ధాంతబలం అని పేపర్లు రాశాయి. తమ అభ్యర్థి కూడా ఆయనే కనుక ప్రతిపక్షం మరొకరిని నిలపలేదు. ఆగయ్య పోటీ లేకుండా గెలిచాడు.

గెలిచిన మర్నాడు నర్సింగం ఒక చేత్తో దండ, ఒక చేత్తో గొడుగు పట్టుకొని, కోమలిని వెంటబెట్టుకొని హాలుకు పోయాడు. వాన కుండపోతగా ఉంది. భానుభాయ్ కుర్చీలో ఆగయ్య కూర్చున్నాడు. తెల్ల చొక్కా ఇంకా మడతల మీదే ఉంది. దండలతో జనం బారు తీరారు. నర్సింగం అలవాటు కొద్దీ ముందుకు పోబోతే, వరస మధ్యలో నుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. చూస్తే భానుభాయ్. చేతిలో దండ.

"జర లైన్ల రా నర్సింగం," అన్నాడు. నర్సింగం ఆయన వెనక నిలబడ్డాడు.

ఆగయ్య కోమలిని ముందుకు పిలిచాడు. "ఏం బిడ్డా, డబ్బాల ఇంకొక వాతావరణం ఉన్నదంట గద?"

"ఉంది కాకా. రాజ్‌కిరణ్ పెట్టిండు. తప్పు చెప్తది."

"తప్పొప్పులు నాకెందుకు? ఒక వార్డుల ఇద్దరు వాతావరణాలు ఎట్ల ఉంటరు? తీసేయ్."

కోమలి తీసేసింది. తను మొదటిసారి తీసేసినప్పుడు ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పట్టింది. ఎవరూ టెంటు వేయలేదు. వరసలో నిలబడ్డ ప్రతిపక్షం వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆగయ్య వంగి పెట్టెను అడిగాడు: "ఇయ్యాల వాన పడ్తదా?"

"మీరన్నది నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి," అంది మైనా.

ఆగయ్య తృప్తిగా వెనక్కి వాలి, కిటికీ వైపు చూడకుండానే హాలంతా వినబడేటట్టు చెప్పాడు: "పడదు."

జనం దండలు వేసి, దండాలు పెట్టి బయటికి కదిలారు. గడప దగ్గర భానుభాయ్ తన గొడుగును మడిచి చంకలో పెట్టుకొని వానలోకి దిగాడు. ఆయన వెనక రాజ్‌కిరణ్, రాజనర్సు, ఆ వెనక మిగతా అందరూ గొడుగులు మడిచి, తల మీద నీళ్లు కారుతుండగా, తీరిగ్గా నడిచిపోయారు.

కోమలి గొడుగు విప్పి, సగం తండ్రి వైపు పట్టింది. "రా బాపూ."

నర్సింగం ఒకసారి కూతురి వైపు చూశాడు, ఒకసారి లోపల కుర్చీ వైపు చూశాడు. ఆగయ్య ఇటే చూస్తున్నాడు.

"ఎందుకు బిడ్డా, ఎండనే ఉన్నది గద," అని, తన చేతిలోని గొడుగు జాగ్రత్తగా మడిచి, మెట్లు దిగాడు.