గుమ్మడికాయకు నాలుగు శాతం

వడ్డీ పెంచితే గుమ్మడికాయ ధర దిగుతుంది. నవ్వకండి! పెద్ద పెద్ద దేశాలు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. ములకలపల్లి దగ్గరి ఒక చర్చి కూడా మొన్న నవంబరు నుంచి దీని మీదే నడుస్తోంది.

ఆ చర్చి కోశాధికారి ఇన్నయ్య బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరయ్యారు. ధరలు ఏడాదికి నాలుగు శాతమే పెరగాలని దేశం టార్గెట్ పెట్టుకుందని, అదుపు తప్పితే వడ్డీరేటు పెంచుతారని ఆయనకు తెలుసు. చర్చికి అలాంటి క్రమశిక్షణ లేదన్నదే ఆయన బాధ.

కోత పండుగనే చూడండి. పంటలో కొంత తెచ్చి, పాస్టరు ప్రసంగించే పల్పిట్ ముందు పెడతారు. ప్రార్థనయ్యాక వేలం. పాడినవాళ్లు డబ్బు క్రిస్మస్‌కు ఇస్తే చాలు. కిందటేడు సవరమ్మ తెచ్చిన గుమ్మడికాయను జస్టిన్, సుకుమార్ పంతానికి పోయి వెయ్యి రూపాయలు చేశారు. ఇది ద్రవ్యోల్బణం కాక మరేమిటి?

ఈసారి వేలం డబ్బుతో చిల్లులు పడ్డ పైకప్పు రేకులు మార్చాలని సంఘం తీర్మానించింది. ఇన్నయ్య మాత్రం గుమ్మడికాయకు, కిందటేటి ధర మీద నాలుగు శాతం కలిపి, వెయ్యీ నలభై దగ్గర గీత గీశారు.

"వెయ్యి!" అన్నాడు జస్టిన్.

"పదకొండు వందలు!" అన్నాడు సుకుమార్.

ఇన్నయ్య చేతిగంట కొట్టారు. "టార్గెట్ దాటింది. ఇగ అరువు పాటకు రెండు రూపాయల వడ్డీ."

"దేవుని కాయకు వడ్డీ ఏంది మామా?" అన్నాడు సుకుమార్.

"నీ మేలుకేరా. నీ చేతిల పైసల విలువ పడిపోవద్దని."

"నా చేతిల పైసలే లెవ్వు గదా!"

సవరమ్మ లేచింది. "గట్ల ఆపకన్నా! నేను కూసునే కాడనే రేకు కారేది."

"ఓపిక పట్టు చెల్లె. ధరలు కుదుటపడుతున్నయ్."

సుకుమార్ వెనక్కి తగ్గాడు. జస్టిన్ తన పాటకు నలభై కలిపితే, కాయ వెయ్యీ నలభైకే అతనికి దక్కింది. తర్వాత మిర్చి, పెసలు, ఒక కోడిపుంజు. మధ్యలో పుంజు కూసింది. దాన్ని పాటగా లెక్కించి, ముందుజాగ్రత్తగా వడ్డీ ఇంకో పావలా పెంచారు. ఆ తర్వాత చర్చిలో ఎవరూ దగ్గనైనా లేదు!

అన్నీ నాలుగు శాతం దగ్గరే ఆగాయి. ఇంతటి విజయం ఏ దేశానికి దక్కింది?

ఇన్నయ్య రేకుల కోసం కొత్తగూడెం వెళ్లారు. రేకుల ధర ఏడాదిలో ముప్పై శాతం పెరిగింది; వేలం డబ్బు చాలదు. టార్గెట్ నాలుగేనని ఆయన దుకాణదారుకు వివరించారు. దుకాణదారు శ్రద్ధగా విని, చాయ్ తాగించి పంపాడు.

క్రిస్మస్ ముందు ఆదివారం తుపాను వాన. ధరలు అదుపులో ఉన్నాయని ఇన్నయ్య ప్రకటించారు. సంఘం చప్పట్లు కొట్టింది. సవరమ్మ కొట్టలేకపోయింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బైబిలు.

"అన్నా, గంట బాగనే కొట్టినవ్ గని," అంది, "గదేదో రేకుల దుకాణం ముంగట కొట్టకపోతివి?"

అక్కడ కొట్టే పద్ధతి పెద్ద దేశాల్లో కూడా లేదు మరి!