గ్రేసీ బంగారు ద్రాక్షలు

భార్య పనితనం మీద నమ్మకం లేని మొగుడు రైలెక్కి తిరుపతికి పోకూడదు. నేను పోయాను. తరువాత ఏం జరిగిందో ఊళ్లో తలా ఒక రకంగా చెబుతున్నారు కాబట్టి, అసలు ముద్దాయి నోటినుంచే వినండి.

నేను దయానంద్. పాకాల జంక్షన్‌లో టికెట్లిచ్చే గుమాస్తాని. మా హాలు చిన్నది. అందులో ఒక సోఫా, ఒక టీవీ, ఆ రెండింటికీ నడుమ ఒక మగ్గం. నేత మగ్గం కాదు. గుడ్డను నాలుగు వైపులా లాగి కట్టే చెక్క చట్రం. మంచమంత ఉంటుంది. అది ఇంట్లోకి వచ్చినప్పటినుంచి నేను క్రికెట్ చూడటం మానేశాను. వింటున్నాను.

కారణం మా చర్చి. దానికి వందేళ్లు నిండుతున్నాయి. ఆ పండుగ ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరచడానికి చేత్తో కుట్టిన కొత్త గుడ్డ కావాలన్నారు మా పాస్టరు అయ్యగారు. ఎవరు చేస్తారని అడిగేలోపే మా గ్రేసీ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించి నేరుగా నగరికి పోయింది. అక్కడ నేతగాళ్ల వీధిలో చంద్రకాంతమ్మ అనే పెద్దామె దగ్గర పాతకాలపు జరీ కుట్టు నేర్చుకుని వచ్చింది. ద్రాక్షతీగ, ఆకులు, గుత్తులు. అంతా బంగారు రంగు జరీతోనే.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి మగ్గం మీద వంగి ఉంది.

"పొద్దుట్నించి ఏం కుట్టినావు మే?"

"ఒక ద్రాక్ష."

"గుత్తా?"

"పండు."

నేను కూర్చున్నాను. నిలబడి వినే సంగతి కాదది.

"సూది కిందికి దించు, పైకి లాగు, పరపరా కుట్టెయ్. దీనికింత ఆలోచన ఎందుకు?"

"ఈ జరీ గుడ్డలోకి దిగేది కాదప్పా. లోపల పట్టుదారం, దాని చుట్టూ చుట్టిన సన్న రేకు. దూర్చి లాగితే రేకు ఊడొస్తాది. దీన్ని గుడ్డ మీద పండబెట్టి, సన్న పట్టుదారంతో ఆడాడ కట్టాల."

"అంటే ఊరికే పండుకోనుంటే దానికి ఇంకొకరు ఊడిగం చేస్తారా?"

"నీ మాదిరే. కాకపోతే అది మెరుస్తాది."

చూశారుగా, మా ఇంట్లో నేను గెలిచిన వాదన లేదు.

ఇక ఆనందమ్మ గురించి చెప్పాలి. సంఘపెద్ద బాలచంద్ర భార్య. ఆమె పేరులో ఆనందం ఉంది, దాన్ని బయటికి రానివ్వదు. పాటల ప్రాక్టీసు రోజు అందరి ముందూ అనేసింది.

"గ్రేసీ గుడ్డ వందో ఏటికి అయ్యేది కాదులే. నూటయాభైకి చూసుకుందాం. నేను కూడా నా చేత్తో ఒకటి కుడతా ఉండా. ఏది బాగుంటే దాన్ని బల్ల మీద ఏద్దాం."

అయ్యగారు మెత్తటి మనిషి. సరేనన్నారు.

ఆ సాయంత్రం గ్రేసీ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. "మా ముత్తవ్వ ఆ చర్చి కట్టేటప్పుడు నెత్తిన ఇటుకలు మోసినాదంట. ఆ గోడల మీద ఎవురెవురి పేర్లో ఉండాయి. ఆమె పేరు యాడా లేదు. ఆ బల్ల మీద ఒక్కటన్నా మా ఇంటి చేతిపని ఉండాలప్పా" అంది.

నేను మగ్గం వైపు చూశాను. తీగ సగంలో ఉంది. రైల్వేలో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ణి, ఏ బండి ఆలస్యమవుతుందో చూడగానే చెప్పగలను. ఈ బండి ఆదివారానికి రాదు. పాపం, అందరి ముందూ తల దించుకుంటుంది. అలా కాకూడదంటే కాపాడే మొగుడొకడు ఉండాలి. ఉన్నాడు!

ఆమె కాగితం మీద గీసిన పూర్తి బొమ్మ మగ్గం పక్కనే పరిచి ఉంటుంది. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు ఫోన్‌తో టక్కున ఫోటో తీశాను. తిరుపతిలో కంప్యూటర్ కుట్టుపని చేసే ఢిల్లీబాబు కొట్టుకి పోయాను.

"ఇట్లాంటిది కావాల. చేత్తో కుట్టినట్టే ఉండాల" అన్నాను.

"సార్, ఫోటోలో ఏముంటే అది దించేస్తా. ఒక్క కుట్టు అటూఇటూ పోదు. మీరు టీ తాగి రాండి" అన్నాడు.

నేను టీ తాగి, అలిపిరి దాకా ఊరికే తిరిగి వచ్చేసరికి గుడ్డ సిద్ధం. మడతపెట్టి కవర్లో పెట్టి ఇచ్చాడు. విప్పి చూడలేదు. దొంగసొత్తును నడిబజార్లో ఎవరు విప్పుతారు? ఇంటికి తెచ్చి పాత పంచెలో చుట్టి, బీరువా పైన నా పెళ్లినాటి సూటు వెనక దాచాను. ఆ సూటు జోలికి ఎవరూ పోరు. నేను కూడా దాంట్లోకి పోలేను.

ఆదివారం తెల్లవారింది. గ్రేసీ తన గుడ్డను తెల్ల పంచెలో చుట్టి, పసుపు సంచిలో పెట్టి స్నానానికి పోయింది. ఆనందమ్మ సవాలు తరువాత నేను నిద్రపోయాక కూడా కుట్టి, నాకు కనబడకుండా మగ్గం మీద దుప్పటి కప్పేది. అయిపోయిందా అని ముందురోజు అడిగితే "సూస్తావులే" అంది. ఆ మాటకు నా లెక్కలో అర్థం ఒక్కటే, కాలేదని. చటుక్కున ఆమె గుడ్డ చుట్ట తీసి సూటు వెనక పెట్టాను. నా చుట్ట సంచిలో పెట్టాను. కాపాడటం పూర్తయింది. తల దువ్వుకున్నాను.

చర్చి నిండిపోయింది. ఆరాధన మొదలు కాకముందే ఆనందమ్మ లేచి తన గుడ్డను బల్ల మీద పరిచింది.

నేను చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

అదే తీగ. అవే ఆకులు. అవే గుత్తులు. ఢిల్లీబాబు నా ఫోటోతో ఇంకో బేరం కూడా చేశాడు!

"నా చేత్తో కుట్టినా అయ్యగారూ. కళ్లు పోయినాయనుకోండి" అంది ఆనందమ్మ.

అయ్యగారు ముచ్చటపడి వంగి చూశారు. "అమ్మా, తీగ బాగుండాది. ఈ మూలన గుండ్రంగా చుట్టుకోనుండేది ఏంది?"

ఆనందమ్మ తొలిసారి దాన్ని చూసినట్టు చూసింది. "అదా... అది... ఏదెను తోటలో సర్పం, అయ్యగారూ."

"ఆమేన్" అన్నారు వెనక వరసలో ఎవరో.

సర్పం కాదు. దాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. అది మురుకు. ఫోటో తీసే హడావుడిలో నా చేతిలోది కాగితం మీద పడింది. ఫోటోలో ఏముంటే అది దించేస్తానన్న మనిషి మాట తప్పలేదు. ముళ్లతో సహా దించాడు.

సంచిలో ఉన్న నా గుడ్డలోనూ అదే మురుకు ఉంటుంది. గ్రేసీ దాన్ని విప్పిందంటే, ఆనందమ్మది చూసి కాపీ కొట్టిందంటారు. కాపాడబోయి నిండా ముంచాను.

"గ్రేసీ, ఇంటికి పోదాం రా. నాకు కడుపులో నొప్పి."

"కూచో."

"గ్యాస్ ఆపినామా లేదా?"

"ఆపినా. కూచో."

"నా మాట ఇనుమే, ఆ సంచి మాత్రం విప్పొద్దు!"

"ఏం, పాముండాదా లోపల?" అని సంచి తీసుకుని ముందుకు పోయింది. నేను కళ్లు మూసుకున్నాను. ప్రార్థన అనుకుని పక్కనున్న మునిరామయ్య కూడా మూసుకున్నాడు.

చర్చిలో చప్పుడు ఆగిపోయింది. చంటిబిడ్డలు కూడా ఊరుకున్నారు. ఒక కన్ను తెరిచాను.

కిటికీలోంచి పడుతున్న ఎండ ఆ గుడ్డ మీద నడుస్తోంది. ఆనందమ్మ గుడ్డ ఎటు చూసినా ఒకటే మెరుపు, మిఠాయి డబ్బా మీది కాగితంలాగా. దీని మీద ప్రతి పండూ ఉబ్బి, ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. అయ్యగారు కదిలితే వెలుగు ఒక పండు మీదినుంచి ఇంకో పండు మీదికి దూకుతోంది. తీగ చివరి ఆకు దాకా పూర్తయింది. ఎక్కడా మురుకు లేదు.

నేను బీరువా పైన దాచిన గుడ్డ! ఇక్కడికెట్లా వచ్చింది?

"ఇదీ అదే బొమ్మ" అంది ఆనందమ్మ, గొంతు పెంచి. "నాది చూసి కుట్టినట్టుండాదే!"

గ్రేసీ సంచిలో మళ్లీ చెయ్యి పెట్టింది. నేను ఒక చుట్ట పెట్టిన సంచిలోంచి రెండోది వచ్చింది! దాన్ని ఆనందమ్మ గుడ్డ పక్కన పరిచింది.

అయ్యగారు ఇటు చూశారు, అటు చూశారు. "ఈడా సర్పమే."

"సర్పం కాదయ్యగారూ, మురుకు" అంది గ్రేసీ. "మా ఆయన నా బొమ్మను ఫోటో తీసేటప్పుడు తింటా ఉండింది. నేను ముగించలేనని తిరుపతిలో మిషన్ మీద ఇది కుట్టించుకొచ్చినాడు. అక్కకు కూడా ఆడనే దొరికినట్టుండాది."

మొదట అయ్యగారు నవ్వారు. తరువాత చర్చి మొత్తం. వందేళ్లలో ఆ పైకప్పు కింద అంత నవ్వు ఎప్పుడూ పుట్టి ఉండదు. బాలచంద్ర భార్యను చూసి నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. ఆనందమ్మ ముఖం కందగడ్డ అయింది.

గ్రేసీ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఊరుకో అక్కా. రేపట్నించి మా ఇంటికి రా, నేర్పిస్తా. నీ రెండు చేతులు కూడా ఉంటే ఇంకో గుడ్డ తొందరగా అవుతాది."

ఆనందమ్మ ముక్కు చీదింది. "సూది యాడ దొరుకుతాది?" అని మెల్లగా అడిగింది.

ప్రభువు బల్ల మీద గ్రేసీ గుడ్డ పరిచారు. అయ్యగారు ఆమె పేరు చెప్పారు. ఆగి, గ్రేసీ చెప్పగా ఇటుకలు మోసిన ముత్తవ్వ పేరు తెలుసుకుని, రూతమ్మ అని అది కూడా గట్టిగా చెప్పారు. గ్రేసీ కళ్లు తుడుచుకుంది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. అది రాసుకోండి.

ఇంటికొచ్చాక అడిగాను. "నీకెట్లా తెలిసింది మే?"

"కొట్లో ఏ ఫోన్ నంబరిచ్చినావు?"

ఆలోచించాను. గ్యాసుకి, కొరియరుకి, కరెంటాఫీసుకి అలవాటుగా ఏ నంబరు చెబుతానో అదే చెప్పాను. ఆమెది.

"'మేడమ్, గుడ్డ బాగుండాదా? మీ ఊరామె ఇంకొకామె కూడా అదే తీసుకుండాది' అని ఆయప్ప ఫోన్ చేసినాడు. పొద్దున సంచిలో నీ పాత పంచె కనబడినాది. నువ్వు తల దువ్వుకుంటా ఉంటే, సూటు వెనక నువ్వు దాచింది తెచ్చి నీ దాని పక్కన పెట్టినా."

"అన్నీ తెలిసి నాకు ఒక్క మాట చెప్పలేదే! నా ప్రాణం పోయినంత పనైంది."

"నమ్మనోడికి ఆ మాత్రం పోవాల. రెండూ పక్కపక్కన పెడితే నేను నోరు తెరిచే పనే లేదనుకున్నా."

మర్నాడు ఆనందమ్మ సూది పట్టుకుని దిగింది. చిత్తూరు చర్చివాళ్లు కూడా ఒక గుడ్డ అడిగారట. హాల్లోకి రెండో మగ్గం వచ్చింది, సోఫా వరండాలోకి పోయింది. నన్ను రెండు మగ్గాల నడుమ ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. జరీ మెలిపడకుండా బిగువుగా పట్టుకోవడం నా ఉద్యోగం. గ్రేసీ కడుతుంది.

"గట్టిగా ఊపిరి ఇడవొద్దప్పా, జరీ కదుల్తా ఉండాది."

ఊపిరి బిగబట్టాను. నా వేళ్ల మధ్యలోంచి బంగారం మెల్లగా జారి, గుడ్డ మీద వంపు తిరిగి, పండయింది. ఒక్క పండు. దానికి పొద్దంతా పట్టింది.

మీరెప్పుడైనా చిత్తూరు చర్చికి పోతే, ఎడమ చేతి వైపు మొదటి గుత్తిలో అన్నిటికన్నా కింద ఉన్న పండు చూడండి. అందులో సగం నాదే.