బూడిదరాజు మూడో చావు

దుష్టుడు చావాలని దేవుణ్ణి కోరుకోవాలా, బతకాలని కోరుకోవాలా అన్న అనుమానం గొంతుగారికి తొమ్మిదేళ్ళుగా తీరలేదు. రోజూ స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడగానే ఆ అనుమానం కూడా వచ్చి పక్కన నిలబడేది. చావాలని కోరుకుంటే ఉద్యోగం పోతుంది. బతకాలని కోరుకుంటే పాపం చుట్టుకుంటుంది. చివరకు "అందరినీ చల్లగా చూడు స్వామీ" అని దణ్ణం పెట్టి, ఆ అందరిలో బూడిదరాజు ఉన్నాడో లేడో తేల్చుకునే భారం దేవుడికే వదిలేసేవారు.

బూడిదరాజు అంటే ఫోన్లలో ఆడుకునే ఒక మాయలోకపు ఆటలో దుష్ట మాంత్రికుడు. వాడికి గొంతు ఇవ్వడమే ఈయన ఉద్యోగం. అందుకే వీధిలో అందరూ గొంతుగారు అనేవారు. మనిషి చీమ ఎదురొస్తే పక్కకు తప్పుకునే రకం. మైకు ముందు నిలబడితే మాత్రం బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణికేవి. మొదటి భాగం చివర బూడిదరాజు మంటల్లో పడి చచ్చాడు, రెండో భాగంలో కాలిన అంగీతో తిరిగొచ్చాడు. రెండో భాగం చివర కొండ విరిగి మీద పడితే మూడో భాగంలో కుంటుకుంటూ వచ్చాడు. ఇలాంటి ఆటల్లో అదంతే. దుష్టుడు చస్తాడు కానీ శవం దొరకదు. దొరకనంత కాలం గొంతుగారి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఆ సోమవారం ఉదయం ఆయన అనుకున్న పని చాలా చిన్నది. పదింటికి స్టూడియోకి వెళ్ళాలి. మూడో భాగం చివర ఏట్లో పడ్డ బూడిదరాజు నాలుగో భాగం మొదట్లో ఒడ్డుకు పాకి దగ్గుతాడు. ఆ దగ్గులు పదకొండు రికార్డు చేసి ఇంటికొచ్చేయాలి. సంగతి మాత్రం ఎవరికీ చెప్పకూడదు. బూడిదరాజు బతికున్న ముక్క ఇంట్లోవాళ్ళతో సహా ఎవరికి తెలిసినా ఆ రోజుతో ఉద్యోగం సరి అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం ఊరికే పుట్టలేదు. నాలుగేళ్ళ కిందట, కొండ కింద పడ్డవాడు బతికే ఉన్నాడని ఆయన ఇంట్లో నోరు జారారు. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. మూడు రోజుల్లో వీధికి, వారంలో ఆట ఆడేవాళ్ళందరికీ తెలిసిపోయింది. డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడి ఉద్యోగం నిలుపుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మూడో భాగం విడుదలై మూడు రోజులైంది. వీధిలో అందరికంటే ముందు దాన్ని పూర్తి చేసింది కూడా ఆ అత్తగారే.

"బాబూ, ఏమీ అనుకోకండి. ఇప్పుడే మిమ్మల్ని చంపేశాను" అంది ఆవిడ, ఫోను బల్ల మీద పెట్టి కళ్ళజోడు తుడుచుకుంటూ.

"శుభం అత్తయ్యగారూ."

"మెడ దగ్గర రెండు పోట్లు, కడుపులో ఒకటి. అక్కణ్ణుంచి ఏట్లోకి ఒక్క తన్ను. నలభై గంటలు పట్టిందండీ. బొటనవేలు వాచిపోయింది."

వంటగదిలో క్యారేజీ సర్దుకుంటున్న ఇల్లాలు తల బయటకు పెట్టింది. ఆవిడ బస్ స్టేషన్లో విచారణ కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఎవరు ఏమడిగినా సూటిగా జవాబు చెప్పడం, సూటిగా జవాబు రాబట్టడం అలవాటు.

"ఏమండీ, వాడు ఈసారి నిజంగానే పోయాడా? మరి మీ ఉద్యోగం?"

గొంతుగారికి అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పడానికి వీల్లేదు. కాసేపు పైకప్పు వంక చూసి, "దేవుడున్నాడు" అన్నారు.

ఆ ఇంట్లో దేవుడున్నాడు అన్న మాట, ఇంకేదీ లేనప్పుడే అంటారు. ఇల్లాలు క్యారేజీ మూత చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. అత్తగారు కళ్ళజోడు తీసేసి, "అయ్యో, నా చేతులు పడిపోను! నా కూతురి పొట్ట మీద నేనే తన్నానా!" అంది.

ఆయన మెడకు మఫ్లరు చుట్టుకుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని గుమ్మం దాటబోయారు.

"ఉద్యోగం పోయింది కదా, మరెక్కడికండీ?"

"అలా నడిచొస్తాను."

"ఫ్లాస్కుతోనా?"

"దూరం నడుస్తాను."

స్టూడియోలో డైరెక్టరు పదకొండు దగ్గులూ విని పెదవి విరిచాడు. "ఇవి జలుబు చేసినవాడి దగ్గులండీ. నాకు ఏరు మింగినవాడి దగ్గు కావాలి. ఇంట్లో సాధన చేసి ఎల్లుండి రండి" అన్నాడు.

మంగళవారం ఇల్లాలికి సెలవు. పక్కింటివాళ్ళతో మాట్లాడుతూ గేటు దగ్గర ఉందని చూసుకుని, గొంతుగారు స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నారు. దగ్గు బయటికి వినపడకుండా కుళాయి తిప్పారు. బకెట్టు నిండా నీళ్ళు పట్టి, దేవుణ్ణి తలుచుకుని, అందులో తల ముంచారు. ఊపిరి ఆగినంతసేపు ఆగి, పైకి లేచి, నోటినిండా నీళ్ళతో గుడగుడమంటూ దగ్గి, "ఇంకా... ఊపిరి... ఉంది..." అన్నారు. తృప్తిగా అనిపించలేదు. మళ్ళీ ముంచారు.

అయిదోసారి ముంచేసరికి, ఇంట్లోకొచ్చి ఆ చప్పుళ్ళు విన్న ఇల్లాలు తలుపు బాదుతోంది. చెవుల్లో నీళ్ళు, పక్కన కుళాయి హోరు వల్ల ఆయనకు వినపడలేదు. ఆవిడకు మాత్రం "ఇంకా ఊపిరి ఉంది" అన్నది స్పష్టంగా వినపడింది. కింది వాటా వడ్రంగిని కేకేసింది. అతను పనిమంతుడు. నాలుగు నిమిషాల్లో బందులు ఊడదీసి తలుపు తీసి గోడకు ఆనించాడు. లోపల గొంతుగారు మోకాళ్ళ మీద కూర్చుని తల బకెట్లో పెట్టుకుని ఉన్నారు.

"ఏంటండీ ఈ పని!" అని ఇల్లాలు ఆయన్ని జుట్టు పట్టుకుని పైకి లాగింది.

"ముఖం కడుక్కుంటున్నానే."

"బకెట్లో తల పెట్టా?"

"శుభ్రంగా కడుక్కుంటున్నాను."

వడ్రంగి ఉలి సంచిలో వేసుకుంటూ, "అయ్యగారూ, ఉద్యోగం పోతే పోయింది. నాకు మూడుసార్లు పోయింది. అంతమాత్రాన ఇలా చేస్తారా? పైగా ఈ బకెట్టు సరిపోదు కూడాను" అన్నాడు. ఇల్లాలు గుడ్లురిమి చూసేసరికి, తలుపు సాయంత్రం బిగిస్తానని చెప్పి దిగిపోయాడు.

అత్తగారు బకెట్టు వంక చూసింది. అల్లుడి వంక చూసింది. చేతిలో ఫోను వంక చూసుకుంది. ఒక్క మాట కూడా అనకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అత్తగారు మాట్లాడకుండా ఉండడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. గొంతుగారు అప్పుడే భయపడి ఉండాల్సింది. తల తుడుచుకునే హడావిడిలో పట్టించుకోలేదు.

ఇల్లాలు ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే బస్ స్టేషను మేనేజరుకి ఫోను చేసి కన్నీళ్ళు పెట్టుకుంది. మైకులో బస్సుల వివరాలు చెప్పే ఉద్యోగం రెండు నెలలుగా ఖాళీగా ఉంది. "రేపు పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. ఒక్కసారి మాట్లాడి చూపిస్తే చాలన్నారు. నా మీద ఒట్టు, రానంటే వీల్లేదు" అంది. కారణం చెప్పకుండా రానని ఎలా అంటారు? ఆయన పని కుడితిలో పడ్డ ఎలుక చందమైంది.

కానీ తెల్లవారేసరికి గొంతుగారికి ఒక ఉపాయం తోచింది. పరీక్షలో తప్పితే సరి. తప్పడానికి అబద్ధం ఆడనక్కర్లేదు. బూడిదరాజు గొంతుతో ఒక్క కేక వేస్తే పిల్లలు ఏడుస్తారు, పెద్దలు తిడతారు, మేనేజరు గెంటేస్తాడు. పదకొండింటికల్లా స్టూడియోలో ఉండొచ్చు.

బస్ స్టేషన్లో నాలుగో నంబరు దగ్గర జనం ఎప్పటిలాగే బస్సు ఆగకముందే దాని మీద పడుతున్నారు. ఒకాయన కిటికీలోంచి సంచి విసిరి, సంచి వెనకాల తనూ సగం దూరాడు. గొంతుగారు మైకు అందుకున్నారు.

"ఓరి క్షుద్ర మానవులారా!"

స్టేషను మొత్తం ఆగిపోయింది.

"నాలుగో నంబరుకు బస్సు వచ్చినది! వరస తప్పినవాడు తన ఎముకలు తానే ఏరుకొనవలెను!"

సంచులు నేలమీద జరిగిన శబ్దం. ఆడా మగా, ముసలీ ముతకా, ఒకరి వెనక ఒకరు వచ్చి గీత గీసినట్టు నిలబడ్డారు. కిటికీలో సగం దూరినాయన మెల్లగా వెనక్కి దిగి, సంచి ఎవరినో అడిగి తీసుకుని, వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

మేనేజరు తన గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసండీ! బస్సును తలుపులోంచి ఎక్కిన జనాన్ని ఇవాళే చూశాను" అని గొంతుగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. అప్పటికప్పుడు కాగితం రాసిచ్చాడు. రేపు పొద్దున ఆరింటినుంచి ఉద్యోగం. కౌంటరు వెనకాల ఇల్లాలు చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. గొంతుగారికి గొంతులో వెలక్కాయ పడింది.

స్టూడియోకి వెళ్తూ దారి పొడుగునా సాకులు వెతుక్కున్నారు. రెండు రోజులు చేసి నడుం నొప్పి అనొచ్చు. ఈలోగా దగ్గులు రికార్డు చేసేస్తే నాలుగో భాగం చేతిలో పడుతుంది. బకెట్టు సాధనతో ఈసారి దగ్గు అద్భుతంగా కుదిరింది కూడా.

స్టూడియోలో డైరెక్టరు ఆయనకు ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. కథ రాసే అమ్మాయి పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు రహస్యం ఇంత గట్టిగా కాపాడతారని అనుకోలేదండీ" అన్నాడు డైరెక్టరు. "ఈ ఆటలు ఆడేవాళ్ళు ఎవడి చావునూ నమ్మరు. శవమేదీ అంటారు. మంటల్లో పడ్డప్పుడు అడిగారు, కొండ మీద పడ్డప్పుడు అడిగారు. ఈసారి ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఎందుకో వినండి."

ఫోను తీసి, ఆటగాళ్ళ గుంపులో నిన్న ఎవరో మాట్లాడి పెట్టిన ముక్క వినిపించాడు. మొదటి మాటకే గొంతుగారు కుర్చీ పట్టుకున్నారు.

"నాయనలారా, వాణ్ణి చంపింది నేనే. ఈ చేత్తోనే. ఆ గొంతు మా అల్లుడుగారిదే నాయనా. పాపం ఆ మహానుభావుడు ఇవాళ బకెట్లో తల పెట్టుకుని కూర్చుంటే తలుపు ఊడదీయించాల్సి వచ్చింది. వాడు మళ్ళీ వస్తాడని ఎవరూ ఆశపడకండి. రాడు. పోయినవాళ్ళు రారు నాయనా..." ఆ తర్వాత అంతా ఏడుపే. మధ్యలో ముక్కు చీదిన చప్పుడు.

"డెబ్బై వేలమంది విన్నారు" అన్నాడు డైరెక్టరు. "ఆటలో ఆ ఏటి ఒడ్డుకు వెళ్ళి కత్తులు కింద పెట్టి వస్తున్నారు. తొమ్మిదేళ్ళలో మన ఆటలో ఒక చావు చావులా నిలబడడం ఇదే మొదలు. ఇప్పుడు వాణ్ణి ఏట్లోంచి లేపితే జనం మొహాన ఉమ్మేస్తారు."

"నాకే మనసొప్పడం లేదు బాబాయ్‌గారూ" అంది రాసే అమ్మాయి. "నేనే రాశాను, నాకే తెలుసు వాడు బతికున్నాడని. అయినా ఆవిడ ఏడుస్తుంటే పోయాడనే నమ్మేశాను."

"అంటే..."

"పోయాడండీ" అన్నాడు డైరెక్టరు. "నాలుగో భాగం మొదట్లోనే శవం దొరుకుతుంది."

"మరి నా దగ్గులు?"

"చెరిపేశాం."

గొంతుగారు కాసేపు ఆలోచించి, "శవానికి ఏమైనా మాటలు..." అన్నారు.

"శవం మాట్లాడదండీ."

సాయంత్రం ఆయన ఇంటికి చేరేసరికి ఇల్లాలు ఇంకా రాలేదు. అత్తగారు వాకిట్లోనే కాచుకుని ఉంది. అటూ ఇటూ చూసి ఆయన్ని లోపలికి పిలిచి గుసగుసగా అంది.

"బాబూ, మీరేమీ చెప్పకండి. తల కూడా ఊపకండి. సంతకం పెట్టి ఉంటారు, నాకు తెలుసు. బకెట్టు చూడగానే అర్థమైపోయింది. ఏట్లో పడ్డవాడు ఒడ్డుకొచ్చి దగ్గుతాడు కదూ?"

"అత్తయ్యగారూ, అసలు సంగతేంటంటే..."

"వద్దన్నానా! నాకు వినపడకూడదు. విన్నానంటే నా నోరు ఆగదు." ఆవిడ చెవులు మూసుకుని, ఆయన నోరు మూసుకున్నారని చూసుకున్నాకే తెరిచింది. "కిందటిసారి ఊరంతా చాటి మీ ఉద్యోగం మీదికి తెచ్చాను. మీరు పల్లెత్తు మాట అనలేదు. ఆ బాకీ నాలుగేళ్ళుగా నా గుండెల్లో ముల్లులా ఉంది బాబూ. నిన్న తీర్చేశాను. ఒక్క పురుగుకి అనుమానం రాకుండా ఏడ్చాను. కన్నకూతురికి కూడా చెప్పలేదు. నేను! చూడండి, రెండో రోజు కూడా చెప్పలేదు!"

ఆవిడ మొహం వెలిగిపోతోంది. డెబ్బై ఏళ్ళ జీవితంలో కడుపులో దాచుకున్న మొదటి రహస్యం అది. గొంతుగారు నిజం నాలుక చివరిదాకా తెచ్చుకుని, ఆ మొహం చూసి మింగేశారు. జేబులో బస్ స్టేషను కాగితం తడిమి చూసుకున్నారు. రేపు ఆరింటికి వెళ్ళాలి.

"చాలా బాగా ఏడ్చారు అత్తయ్యగారూ."

"విన్నారా? నిజంగా?"

"అందరూ విన్నారండీ."

"అయితే ఇంక మీకూ నాకూ చెల్లు."

"చెల్లండీ" అన్నారు గొంతుగారు. "పూర్తిగా చెల్లు."

అప్పటినుంచి ఆయన, తనకెవరు ఏం బాకీ ఉన్నా తీర్చమని అడగడం మానేశారు.