పసుపు రాసిన గిఫ్ట్ కార్డు

మనిషికి మనిషి స్వయంగా కానుక కొనిచ్చే అనాగరికపు అలవాటు మన బెజవాడలో ఇంకా పోలేదంటే నాకు తల కొట్టేసినట్టుగా ఉంది!

ఇది రెండువేల తొమ్మిదో సంవత్సరం. ఇంట్లో ఇంటర్నెట్టు ఉంది. టేబుల్ మీద కంప్యూటరు ఉంది. దాని మీద మా ఆవిడ అల్లిన లేసు గుడ్డ కూడా ఉంది. అయినా జనం ఎండనపడి వన్‌టౌన్ సందుల్లోకి వెళ్లి, చెమటలు కక్కుకుంటూ చీరలు కొంటున్నారు. ఎందుకండీ ఈ అవస్థ? గిఫ్ట్ కార్డులనేవి పుట్టాక కూడా!

తెలియనివాళ్ల కోసం చెబుతాను. గిఫ్ట్ కార్డంటే పెద్ద కొట్టువాళ్లు అమ్మే ప్లాస్టిక్ ముక్క. మనం ముందుగా డబ్బు కట్టి దాన్ని కొని ఎవరికైనా ఇస్తే, వాళ్లు ఆ కొట్టుకి వెళ్లి అంత సొమ్ముకి సరుకు తెచ్చుకుంటారు. నోటైతే ఎక్కడైనా చెల్లుతుంది. ఇది ఒక్క కొట్టులోనే చెల్లుతుంది. ఎక్కడపడితే అక్కడ చెల్లిపోయే వస్తువుకి మర్యాద ఏముంటుంది చెప్పండి?

అసలు కిటుకు ఇంకొకటుంది. ఈ కార్డుని తిన్నగా కొట్టులో కొనకూడదు. షాపింగ్ పోర్టల్ అని ఒక వెబ్‌సైటు ఉంటుంది. దాని పేరు ఇక్కడ రాయను, రాసినందుకు పాయింట్లు లేవట. ముందు అందులోకి వెళ్లి, అక్కణ్ణించి కొట్టువాడి సైటుకి వెళ్లి కొనాలి. ఎదురింటికి వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లినందుకు పోర్టల్‌వాడు మనకి పాయింట్లు ఇస్తాడు. పాయింట్లు పోగయితే గోడగడియారం ఇస్తాడు. మా గోడకున్న గడియారం బాగానే నడుస్తోంది, అది వేరే సంగతి.

ఈ పాయింట్ల వల్ల నాకబ్బిన ఓర్పు అంతా ఇంతా కాదు! పొద్దున్నే స్నానం చేసి, కాఫీ కూడా ముట్టకుండా సైటు తెరుస్తాను. 'పెండింగ్' అని ఉంటుంది. మర్నాడూ పెండింగే. పండగలు వెళ్లిపోయాకా పెండింగే. పూర్వం ఋషులు ఇంత ఓర్పు కోసం అడవులకి వెళ్లాల్సివచ్చేది. నేను సత్యనారాయణపురంలో మేడ మీద గదిలో, ఫ్యాను కింద కూర్చుని సాధించాను.

కార్డు పుచ్చుకున్నవాళ్లకి మాత్రం తక్కువ లాభమా? మా ఆఫీసులో అంతోని అని గుణదల నుంచి వస్తాడు. క్రిస్మస్‌కి అతనికి ఒక బేకరీవాళ్ల కార్డు ఇచ్చాను. తీరా చూస్తే ఆ బేకరీకి బెజవాడలో బ్రాంచి లేదు, మద్రాసులో ఉంది. "కేకు తినాలంటే పినాకిని రైలు ఎక్కాలాండీ?" అన్నాడు అంతోని. ఎక్కితే తప్పేముంది? పిల్లలకి సముద్రం చూపించినట్టూ ఉంటుంది!

మా పెదనాన్నగారబ్బాయి రత్తయ్యకి ఇచ్చిన కార్డుని అతను బ్యాంకు కార్డనుకుని ఏటీఎంలో పెట్టాడు. మిషను మింగి కూర్చుంది. ఇది మాది కాదన్నారు బ్యాంకువాళ్లు. మా దగ్గర లేదన్నారు కొట్టువాళ్లు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడ దొరుకుతుందండీ?

ఇక పొదుపు సంగతి. కార్డులో కాస్త సొమ్ము మిగిలితే చిల్లర ఇవ్వరు. ఆ కాస్తా వదులుకోలేక మా ఆవిడ జ్ఞానేశ్వరి మళ్లీ అదే కొట్టుకి వెళ్లి, పైన మూడు వందలు వేసి దిండు గలేబులు కొనుక్కొచ్చింది. మాకు దిండ్లు రెండే ఉన్నాయి. గలేబులు మాత్రం ఇప్పుడు ఊరందరికీ సరిపోతాయి! ఏడాది తిరిగేసరికి ఆ కార్డు కాలం చేస్తుంది కూడా. డబ్బు శాశ్వతం కాదని స్వాములవార్లు నోటితో చెప్పి ఊరుకుంటారు. కొట్టువాడు చేసి చూపిస్తాడు.

ఇన్ని సుగుణాలున్న కార్డుని నేను సొంత అక్కకి ఇవ్వకుండా ఎలా ఉండగలను?

మా అక్కయ్య బాలసరస్వతి కంకిపాడులో టీచరు. బావగారు రామ్మూర్తి గారికి మొన్న మాఘమాసంలో షష్టిపూర్తి. షష్టిపూర్తికి పుట్టింటివాళ్లు దంపతులకి బట్టలు పెట్టాలి, ఆ చీర కట్టుకునే ఆడపిల్ల పీటల మీద కూర్చోవాలి. మా అమ్మా నాన్నా పోయారు కాబట్టి పుట్టిల్లంటే ఇప్పుడు నేనే. అక్కయ్య ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. ఈసారి మాత్రం ఫోనులో నోరు విడిచి అడిగింది.

"ఒరేయ్ తిరపతీ, ఖరీదుది ఏమీ వద్దురా. నేత చీరైనా ఫరవాలేదు. పీటల మీద మాత్రం పుట్టింటి చీరతో కూర్చోవాలనుందిరా."

ఇదివరకటి రోజులైతే ఏం చేసేవాణ్ణి? వన్‌టౌన్‌లో మహమ్మద్ ఇష్తియాక్ గారి కొట్టుకి వెళ్లేవాణ్ణి. మా నాన్నగారి నాటి నుంచీ మా ఇంటి చీరలన్నీ అక్కడివే. అబ్బ, ఆ కొట్టులో పడే బాధలు! పరుపు మీద కూర్చోబెడతారు. వద్దన్నా టీ తెప్పిస్తారు. "అక్కయ్యగారు కులాసాగా ఉన్నారాండీ? ఆవిడకి ముదురు రంగులు గిట్టవు కదండీ, ఇవి చూడండి" అంటారు. మా అక్కకి ఏ రంగు గిట్టదో బయటివాళ్లకెందుకండీ? ప్రైవసీ అన్నమాటే లేదు! పాయింట్లేమైనా ఇస్తారా అని ఒకసారి అడిగితే, అర్థం కాక ఇంకో టీ తెప్పించారు.

సరిగ్గా ఆ సమయంలోనే పోర్టల్ నుంచి మెయిల్ వచ్చింది. బందరు రోడ్డులో కొత్తగా వెలసిన నాలుగంతస్తుల ఏసీ షోరూంవాళ్ల గిఫ్ట్ కార్డు కొంటే మూడింతల పాయింట్లట! బావగారి పంచెలు మా ఆవిడ తొందరపడి ముందే కొనేసింది గానీ, లేకపోతే వాటికీ పాయింట్లు వచ్చేవి. అక్కయ్య చీరకి ఐదు వేల రూపాయల కార్డు కొన్నాను. కొరియర్‌లో నిగనిగలాడుతూ వచ్చింది. వెనక వెండిపూత, ఆ పూత కింద రహస్య నంబరు. అక్కయ్య తనకి నచ్చిన చీర తనే ఏరుకోవచ్చు. నాకా, ఎంపిక చేసే బాధే లేదు!

మా ఆవిడ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒట్టి ప్లాస్టిక్ ముక్కని ఆడపడుచు చేతిలో ఎలా పెడతామండీ? శుభకార్యం కాదూ!" అంది.

అని, పసుపు తడిపి నాలుగు మూలలా రాసింది. కొత్త బట్టకి, శుభలేఖకి, చివరికి కొత్త ఫ్రిజ్జుకి కూడా రాసిన చెయ్యి అది. ఒక పక్క రాసి రెండో పక్క వదిలేస్తే బాగుండదని వెనక కూడా రాసింది. నేను చూస్తూనే ఉన్నాను. నిండుగా ఉందనే అనుకున్నాను.

షష్టిపూర్తి ఆదివారం. గురువారం నాడు అక్కయ్యని వెంటబెట్టుకుని షోరూంకి వెళ్లాను. ఆవిడ ఎంతో సేపు చూసి చూసి, లేత గంధం రంగు మంగళగిరి పట్టు చీర తీసింది. అద్దం ముందు భుజాన వేసుకుని "బాగుందట్రా?" అని అడిగింది. నేను సెల్లులో పాయింట్ల మెసేజ్ వచ్చిందేమోనని చూసుకుంటున్నాను. బాగుందన్నాను.

కౌంటరు దగ్గర కుర్రవాడు వెండిపూత గీకాడు. ఆరిన పసుపుతో పాటు పూతా వచ్చింది, పూతతో పాటు నంబరూ వచ్చేసింది. కార్డు మీద చక్కటి పచ్చని మచ్చ ఒక్కటే మిగిలింది. మేనేజరు వచ్చి దీపం దగ్గర పెట్టి చూశాడు. అమ్మినవాళ్లని అడగమన్నాడు.

పోర్టల్‌కి ఫోను చేశాను. "మేం దారి మాత్రమే చూపిస్తాం సార్, కార్డు మాది కాదు" అన్నారు. కార్డు తయారుచేసే కంపెనీకి చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"కార్డు మీద ఏమైనా పూశారా సార్?"

"పసుపమ్మా."

"ఎందుకు పూశారు సార్?"

"శుభకార్యం కదమ్మా!"

"కారణం దగ్గర 'ఇతరములు' అని రాస్తున్నాను సార్. కంప్లయింటు తీసుకున్నాం, మెయిల్ చేస్తాం" అంది.

మేనేజరు మంచివాడే. "పోనీ ఇప్పటికి క్యాష్ కట్టి తీసుకెళ్లండి సార్, కార్డు సంగతి తరవాత చూసుకుందురు" అన్నాడు. బ్యాంకు కార్డు నా జేబులోనే ఉంది. కానీ ఒకసారి కట్టిన డబ్బు మళ్లీ కడతానా? సిద్ధాంతమన్నది ఒకటి ఏడవాలి కదా! "రెండ్రోజుల్లో తేలిపోతుందక్కా. ఆదివారం లోపల చీర నీ చేతిలో ఉంటుంది" అన్నాను. అక్కయ్య ప్యాకెట్టు మీద చెయ్యి తీసేసి, "సరేలేరా, నీ ఇష్టం" అంది. ఆ మాటలో ఏదో ఉందని మా ఆవిడైతే వెంటనే పట్టేసేది. నాకు ఏసీ చల్లదనంలో తెలియలేదు.

శనివారం సాయంత్రం మెయిల్ రానే వచ్చింది. కంప్లయింటు గురించి కాదు, పాయింట్ల గురించి. 'గిఫ్ట్ కార్డుల కొనుగోలుకు పాయింట్లు వర్తించవు, మూడింతలు కూడా వర్తించవు' అని ఉంది.

సున్నాకి మూడింతలు ఎంతో నాకు మాత్రం తెలియదా? ఒళ్లు మండిపోయింది. వాళ్లని కడిగేస్తూ జవాబు రాయడానికి కూర్చున్నాను. "అవన్నీ తరవాత, ముందు ఇష్తియాక్ గారి కొట్టుకి వెళ్లి చీర తెండి. రేపు ఏ ముఖం పెట్టుకుని వెళతాం?" అంది జ్ఞానేశ్వరి. ఒక్క పేరా ఉందన్నాను. ఆ పేరా పూర్తయ్యేసరికి కొట్లు కట్టేశారు.

ఆదివారం పొద్దున్న పళ్లూ పూలూ, బావగారి పంచెలూ పళ్లేల్లో సర్దుకుని కంకిపాడు వెళ్లాం. చీర ఉండాల్సిన పళ్లెంలో అరటిపళ్లు కాస్త ఎక్కువ పెట్టాం. గుమ్మంలోనే అక్కయ్య ఎదురొచ్చి మమ్మల్నిద్దరినీ గదిలోకి లాక్కెళ్లింది. బీరువాలోంచి ఒక కవరు తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"జ్ఞానేశ్వరీ, ఇది మీ పళ్లెంలో పెట్టుకుని రండి. చుట్టాలందరూ వచ్చేశారు. నీకు పుణ్యముంటుంది, ఏమీ మాట్లాడకు."

అచ్చం షోరూంలో చూసినదాని లాంటిదే, లేత గంధం రంగు మంగళగిరి పట్టు. కవరు మాత్రం ఇష్తియాక్ గారి కొట్టుది. నేను కంప్యూటరు ముందు కూర్చుని నా మూడింతల కోసం పోట్లాడుతున్న వేళకి, మా అక్కయ్య ఇంటి నిండా పని పెట్టుకుని బస్సెక్కి వన్‌టౌన్ వెళ్లి, తన పుట్టింటి చీర తనే కొనుక్కుందన్నమాట.

మేళం మోగుతుండగా, అందరి ముందూ ఆ పళ్లెం పట్టుకెళ్లి, మా అక్క కొనుక్కున్న చీరని మా అక్కకే పెట్టాను. ఆవిడ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

ఆ చీర కట్టుకుని ఆవిడ పీటల మీద కూర్చోగానే మణెమ్మ పిన్ని వచ్చి చెంగు పట్టుకుని చూసింది. "ఎంత బాగుందే సరస్వతీ! తమ్ముడంటే అట్టా ఉండాలి. ఏవయ్యా తిరపతీ, ఎంత పడిందేంటి?" అని నలుగురూ వినేట్టు అడిగింది. నా కర్మ, నాకు ధర తెలిస్తేగా!

అక్కయ్య పీటల మీంచే అందుకుంది. "వాడినడుగుతావేంటి పిన్నీ! ధర చూసి కొనే రకమా వాడు?"

భోజనాల దగ్గర ఇష్తియాక్ గారు నా పక్కనే కూర్చున్నారు. వాళ్లావిడ ఫిర్దౌస్ గారితో కలిసి వచ్చారు. "నిన్న కొట్టు కట్టేసే వేళకి వచ్చారండీ అక్కయ్యగారు. మీకు ఆఫీసులో తీరిక లేదట కదండీ. 'డబ్బిచ్చి పంపించాడు మా తమ్ముడు, మంచిది చూడండి' అని ఒకటే సంబరం ఆవిడకి!" అన్నారు. అవునండీ, తీరిక లేదండీ అన్నాను.

చుట్టాలు కదిలాక, అక్కయ్య ఒక్కత్తే ఉన్నప్పుడు వెళ్లి డబ్బు చేతిలో పెట్టబోయాను.

"ఏంట్రా ఇది?"

"చీర డబ్బులక్కా."

"చాల్లే ఊరుకో! పుట్టింటి చీరకి డబ్బులు తీసుకుంటారట్రా ఎవరైనా?"

"పోనీ రేపు వన్‌టౌన్ వెళదాం. నేనే దగ్గరుండి ఇంకోటి కొనిపెడతాను."

"మళ్లీ ఎందుకురా? పెట్టేశావుగా!" అని నవ్వి, గిన్నెలు సర్దుకోవడానికి వెళ్లిపోయింది.

చూశారా సౌకర్యం! చీర కొనకుండానే చీర పెట్టిన తమ్ముణ్ణి కృష్ణా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇక కొనిపెడదామన్నా పుచ్చుకునేవాళ్లు లేరు. షష్టిపూర్తి మళ్లీ రాదు.

కాబట్టి నా మాట మీద గురి ఉన్నవాళ్లు గిఫ్ట్ కార్డులే కొనండి. పోర్టల్ ద్వారానే కొనండి. మీ ఆఫీసరుకివ్వండి, ఇంటి ఓనరుకివ్వండి, మీకు గిట్టనివాళ్లకి రెండేసి ఇవ్వండి. అక్కయ్య ఉన్నవాళ్లు మాత్రం ఆవిణ్ణి వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లండి. ఆవిడ చీర భుజాన వేసుకుని "బాగుందట్రా?" అని అడిగినప్పుడు, దయచేసి తలెత్తి చూడండి.