సగం పేజీ గుహ

ఆ ఆదివారం పొద్దున దర్శినిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరు చూడవచ్చిన బావమరిదికి లైట్‌హౌస్ చూపించాలి, బీచిలో కాళ్లు తడుపుకోవాలి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి ఫ్యాను కింద నడుం వాల్చాలి. పర్యాటక శాఖలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నా ఆయన ఆ ఊరిని చూసింది తక్కువ, దాని గురించి రాసింది ఎక్కువ. శాఖ ఏటా అచ్చువేసే 'నగర దర్శిని' అనే ఎనిమిది పేజీల పుస్తకం ఆయన చేతిమీదుగానే వెలువడుతుంది. అందుకే ఆఫీసులోనూ వీధిలోనూ ఆ పేరే ఆయనకు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతాల రిజిస్టరుకు మాత్రమే తెలుసు.

ఆ పుస్తకం తయారుచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. పోయినేటి ప్రతి తీసుకుని, సంవత్సరం మార్చి, టికెట్ల ధరలు దిద్ది, ప్రెస్సుకు పంపడమే. ఒకసారి అచ్చులో పడ్డదాన్ని, అది మూతపడితే తప్ప, మళ్లీ కదపకూడదని శాఖలో ఒక ఆచారం. ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరూ నిష్ఠగా పాటిస్తారు. ఆ ఆచారమే ఆయన కొంప ముంచింది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ఊళ్లో పూలతోట ఒకటి మూతపడి, ఏడో పేజీలో సగం ఖాళీ అయింది. తెల్లారేసరికి ఏదో ఒకటి ఇవ్వమని ప్రెస్సువాళ్లు పట్టుబట్టారు. ఆయన ఇంటికెళ్లి కూర్చుని, లేని గుహ ఒకటి రాసి ఇచ్చారు.

'గుసగుసల గుహ. పొడవు నలభై అడుగులు. లోపల ఇద్దరు ఎంత మెల్లగా మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది, మూడోవారికి వినిపించదు.' మరుసటి ఏడు తీసేద్దామనుకున్నారు. ఆచారం ఒప్పుకోలేదు. చూస్తుండగానే గుహకు పంతొమ్మిదేళ్లు నిండాయి.

ఊళ్లోవాళ్లు ఏమనుకున్నా ఆయనకు బాధ లేదు. ఇంట్లో భార్య మాత్రం ఏడాదికోసారైనా "ఆ గుహకి ఎప్పుడు తీసుకెళ్తారండీ?" అని అడిగేది. ఒకసారి వానలన్నారు, ఒకసారి అలలన్నారు, ఒకసారి మరమ్మతులన్నారు. గుహకు మరమ్మతులేమిటని ఆవిడ అడగలేదు. ఆ అడగకపోవడమే ఆయన్ను లోలోపల ముల్లులా పొడిచేది.

ముందురోజు భోజనాల దగ్గర బావమరిది నిప్పు రాజేశాడు. అతను సర్వేయరు. టేపు పెట్టి కొలవనిదే తన నీడను కూడా నమ్మే మనిషి కాదు.

"బావగారూ, ఈ తీరం మ్యాపులన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. మీరు రాసిన గుహ ఎక్కడా లేదు."

"మీ బావ రాశారంటే ఉంటుంది. రేపు వెళ్లి చూద్దాం," అంది ఆవిడ, గిన్నెలు సర్దుతూ.

ఇప్పుడు పొద్దున్నే చూస్తే ఆవిడ కొత్త చెప్పులు వేసుకుని, నీళ్ల సీసాతో గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముడి ఎదుట మొగుడు అబద్ధాలకోరని తేలిపోతే ఇక ఆవిడ ముఖం ఎలా చూడాలి? నిజం చెబితే పోయేది. కానీ పంతొమ్మిదేళ్లు ముదిరిన అబద్ధాన్ని కాఫీ గ్లాసు పట్టుకుని ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

"అది ఎప్పుడు పడితే అప్పుడు చూసేది కాదు," అన్నారు ఆయన గొంతు సవరించుకుని. "సముద్రం బాగా వెనక్కి తగ్గే ఆటు సమయంలోనే లోపలికి వెళ్లాలి. అది ఏ వేళప్పుడు వస్తుందో ఏమో."

బావమరిది ఫోను తీశాడు. "ఇవాళ పన్నెండుకి ఆటు. ఇప్పుడు బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది. పదండి బావగారూ."

పడవల రేవులో ఆదివారపు జనం. బావమరిది గుహ పేరెత్తగానే టికెట్ల గదిలో కూర్చున్నాయన దర్శినిగారిని చూసి లేచి నిలబడ్డాడు. "మా ఆఫీసు సారు! సార్, మీరే స్వయంగా గుహకి వస్తున్నారా?" అని రేవంతా వినపడేలా అరిచాడు. తేలు కుట్టిన దొంగకు మైకు ఇచ్చినట్టయింది. క్యూలో నిలబడ్డ జనం ఒక్కసారిగా ఇటు తిరిగారు. నల్లగొడుగు పట్టుకున్న రిటైర్డు టీచరమ్మ అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"పదకొండు గంటలు రైల్లో కూర్చుని వచ్చింది ఈ గుహ కోసమే నాయనా. వివరంగా చెప్పేవాళ్లు దొరకరేమోనని బెంగపడ్డాను. దేవుడు పంపినట్టు వచ్చావు."

"అమ్మా, ఇవాళ ఆటు సమయంలో వెళ్తున్నాం. కష్టంగా ఉంటుంది. మీరు రేపు రండి," అని దర్శినిగారు బతిమాలారు. పెద్ద అధికారి ఎంచుకున్న సమయమంటే మంచిదే అయి ఉంటుందని జనానికి ఇంకా నమ్మకం కుదిరింది. చూస్తుండగా పడవ నడిపే సరంగుతో కలిపి పంతొమ్మిదిమంది అయ్యారు.

ఇక మిగిలింది సరంగు ఒక్కడే. ఇంజను దగ్గర నూనె పోస్తున్న అతని పక్కన దర్శినిగారు వంగి, చెవిలో అన్నారు: "బాబూ, ఒక సాయం చెయ్యి. సగం దూరం వెళ్లాక ఇంజను పాడైందని చెప్పి వెనక్కి తిప్పెయ్."

"ఎందుకు సార్? గుహకేగా? రోజుకి నాలుగు ట్రిప్పులు వేస్తా."

దర్శినిగారు వెళ్లి భార్య పక్కన కూర్చున్నారు. పడవ కదిలింది. తీరం వెంట కొబ్బరిచెట్లు, హోటళ్ల బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు, ఎర్రటి కొండ ఒకటి వెనక్కి జరిగాయి. ఆయనకు చిన్న అనుమానం మొదలైంది. ఒకవేళ నిజంగానే ఉందేమో. తాను కల్పించాననుకున్నది ఎక్కడో విన్నదేమో. భయం పోయి ఆశ పుట్టేసరికి ఆయన కాస్త నిటారుగా కూర్చున్నారు కూడా. భార్య చెయ్యి నీళ్లలో ఆడిస్తూ ఆయనవైపు చూసింది.

పది గంటలకు కొండ పాదం దగ్గర ఇసుకలో పడవ ఆనింది. ఎదురుగా రాతిలో ఒక చీలిక. దాని పక్కన బోర్డు: గుసగుసల గుహ. కింద 'నగర దర్శిని'లోని రెండు వాక్యాలూ చుక్క పోకుండా రాసి ఉన్నాయి. జనం ఇద్దరిద్దరుగా లోపలికి దూరి, గుసగుసలాడుకుని, కళ్లు పెద్దవి చేసుకుని బయటికొచ్చారు. టీచరమ్మ వెంట జంట లేక గొడుగు మూసి ఒక్కతే వెళ్లింది. "మా అమ్మ గొంతు విన్నట్టుంది," అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బావమరిది టేపు తీశాడు.

"తొమ్మిదడుగులే ఉంది బావగారూ."

"మిగతాది తుఫానులో కూలింది సార్," అన్నాడు సరంగు, తడుముకోకుండా.

ఆ మురిపెం అరగంటే. తిరిగి ఎక్కుదామని చూస్తే పడవ ఇసుకలో పక్కకు ఒరిగి కూర్చుంది. నీళ్లు వంద అడుగులు వెనక్కి వెళ్లిపోయాయి. సరంగు తల గోక్కున్నాడు.

"మేమెప్పుడూ పోటు మీదే వస్తాం సార్. ఆటులో ఈ పక్కకి ఎవరూ రారు. ఆఫీసు సారే ఆటులో వెళ్లాలన్నారంటే మాకు తెలీని సంగతేదో ఉంటుందనుకున్నా. ఇక రెండు దాటితే గానీ పడవ తేలదు."

పంతొమ్మిదిమందికీ నీడ ఒక గొడుగు, ఒక చీలిక. తాగడానికి నాలుగైదు సీసాల నీళ్లు. పసిపిల్ల ఒకతి ఏడుపు లంకించుకుంది. పొద్దున కాఫీ గ్లాసుతో ఆడిన చిన్న అబద్ధం ఇంతమందిని ఎండలో నిలబెట్టిందని తెలిసేసరికి దర్శినిగారు ఇక తట్టుకోలేకపోయారు. ఒక రాయి ఎక్కి చేతులు జోడించారు.

"తప్పు నాది. ఆటూ లేదు, పోటూ లేదు, అసలు గుహే లేదు. పుస్తకంలో సగం పేజీ ఖాళీగా ఉంటే నేను కల్పించి రాశాను. నన్ను క్షమించండి."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు టీచరమ్మకు కోపం వచ్చింది.

"గుహలో నిలబడి వచ్చినదాన్ని, నాకే లేదంటావా? ఇంత మంచి చోటికి జనం రాకూడదని మీ ఆఫీసువాళ్లు చూస్తున్నారన్నమాట!"

"సార్, అలా అనకండి," సరంగు గొంతు తగ్గించాడు. "మీ పుస్తకం పట్టుకుని రోజూ జనం అడిగేవాళ్లు. లేదంటే మా నాన్నని తిట్టేవాళ్లు, దాచిపెడుతున్నావని. రెండేళ్లు తిట్లు తిని, చివరికి వెతికి వెతికి దీన్ని పట్టుకున్నాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దీని మీదే."

దర్శినిగారు ఆఖరి ఆశగా బావమరిదివైపు తిరిగారు. "నువ్వైనా చెప్పు. మ్యాపులో లేదని నిన్న నువ్వే అన్నావుగా."

"నిన్న కొలవలేదు బావగారూ. ఇవాళ కొలిచాను. తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. రేపే మ్యాపులో ఎక్కిస్తాను."

పంతొమ్మిదేళ్లు దాచిన నిజం నోరు విప్పి చెబితే కొనేవాడు లేడు. ఆయన రాయి దిగి, చీలిక లోపలికి పోయి, తల పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి భార్య వచ్చి పక్కన కూర్చుంది. నీళ్ల సీసా పసిపిల్ల తల్లికి ఇచ్చేసి వచ్చింది.

"నువ్వన్నా నమ్ముతావా?" అన్నారు ఆయన.

"నమ్మేదేముంది? నాకు మొదటినుంచీ తెలుసు."

ఆయన తలెత్తారు.

"మీరు రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నానుగా. మన మొదటి అద్దెగది గుర్తుందా? మధ్యలో చెక్కల గోడ, అవతల ఇంటివాళ్లు. మనం ఏం మాట్లాడుకున్నా చెవిలో చెవిలోనే. ఇరవై అడుగులు చాలా, నలభై వెయ్యనా అని అడిగారు. నలభై వెయ్యండి, కాళ్లు చాపుకోవచ్చన్నాను. మూడోవారికి వినిపించదన్న మాట నాదే."

ఆయనకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వాన, కొవ్వొత్తి, చెక్కగోడ అవతల దగ్గు, నవ్వు ఆపుకోవడానికి ఆవిడ నోట్లో కుక్కుకున్న చెంగు. తాను పంతొమ్మిదేళ్లు సిగ్గుపడింది ఆ సాయంత్రం గురించే. సగం పేజీ గుర్తుపెట్టుకుని, పక్కనున్న మనిషిని మరిచిపోయారు.

"మరి ఏటా ఎందుకు అడిగేదానివి?"

"తీసుకెళ్తారని కాదు. అడిగితే మీకు ఆ గది గుర్తొస్తుందేమోనని. మీరు వానలన్నారు, అలలన్నారు. సొంత ఇల్లు కట్టాం, గోడలు గట్టివి వేయించాం. ఇక చెవిలో చెప్పుకునే మాటే లేకుండా పోయింది."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. పంతొమ్మిదేళ్ల పాటు ఆవిడ తనను మోసం చేయనిచ్చింది, తిరిగొస్తారేమోనని. ఆయన ఏదో చెప్పబోయి, చుట్టూ చూసి, ఆవిడ చెవి దగ్గరికి వంగారు. ఆ చెప్పిందేమిటో బయట కూర్చున్న పదిహేడుమందిలో ఒక్కరికీ వినిపించలేదు. అంటే పుస్తకంలో రాసిన రెండు వాక్యాల్లో ఒకటి మాత్రం నిజమేనని తేలింది. ఆవిడ నవ్వింది. నవ్వు మాత్రం బయటికి వినపడింది.

నీళ్లు పెరిగి పడవ తేలేసరికి రెండున్నర దాటింది. రేవు చేరాక అందరూ సందర్శకుల పుస్తకం దగ్గర ఆగి, ఓపిగ్గా ఏవేవో రాసి వెళ్లారు. ఎప్పుడూ రేవులోనే ఉండిపోయే ఆ రాతలు, ఈసారి ఆఫీసు సారు ప్రస్తావన ఉండడంతో, సోమవారం పొద్దున దర్శినిగారి బల్లమీదికి వచ్చాయి. అన్నీ మెచ్చుకోళ్లే. ఫిర్యాదు ఒక్కటే ఉంది, టీచరమ్మ గుండ్రటి దస్తూరీలో: 'గుహ అద్భుతం. వెంట పంపిన అధికారికి మాత్రం దాని గురించి ఒక్క ముక్క తెలియదు.'